గడ్డి, దుమ్ము, గుర్రం పళ్లు

గుర్రాన్ని బేరమాడేవాడు ముందు దాని నోరు చూస్తాడు. పెదవి లాగి ముందుపళ్లు పరికించి, వయసు తేల్చుకున్నాకే ధర మాట ఎత్తుతాడు. ఈ విద్య చాలా పాతది. ఆరో శతాబ్దంలో వరాహమిహిరుడు రాసిన బృహత్సంహితలో, అశ్వలక్షణాలు చెప్పే అధ్యాయంలో, ఒకే ఒక్క శ్లోకం గుర్రం ఆయుష్షు మొత్తాన్ని పళ్ల మీద లెక్కగట్టి పెట్టింది. ఆరు తెల్లని పళ్లుంటే ఏడాది పిల్ల. అవే కషాయ వర్ణానికి తిరిగితే రెండేళ్లు. నడిమి జత, దాని పక్క జత, చివరి జత వరసగా ఊడి మళ్లీ మొలిచే వయసులు మూడు, నాలుగు, ఐదేళ్లు. అక్కడినుంచి మూడేసి ఏళ్లకు ఒక గుర్తు చొప్పున నలుపు, పసుపు, తెలుపు, గాజు రంగు, తేనె రంగు, శంఖం రంగు. ఆ తర్వాత గుంట, కదలిక, చివరకు పన్ను రాలడం. ఆ మూడు జతలు మారే వయసును ఇప్పటి పశువైద్యులు రెండున్నర, మూడున్నర, నాలుగున్నర ఏళ్లుగా చెబుతారు. పదిహేను వందల ఏళ్ల కిందటి లెక్క పెద్దగా తప్పలేదు. గ్రీకు దేశంలో జెనొఫోన్ అంతకు ఎన్నో శతాబ్దాల ముందే, వయసు గుర్తులు చెరిగిపోయిన గుర్రాన్ని కొనవద్దని హెచ్చరించాడు.

ఈ శాస్త్రకారులూ వ్యాపారులూ ఒక సంగతి బాగా ఎరిగినవారు: మేత నమిలినకొద్దీ పన్ను అరుగుతుంది. అలా రోజుకు ఎన్నో గంటలు, పాతికేళ్లు అరిగే పన్ను గుర్రం బతికినంత కాలం ఎలా సరిపోతోందన్న ప్రశ్న మాత్రం వారి అవసరంలో లేదు. ఆ ప్రశ్న వేయడానికి చాలా కాలం ఆగాల్సి వచ్చింది. దానికి జవాబు వెదకడం ఇంకా సాగుతూనే ఉంది. ఆ వెదుకులాటలో ఒక మజిలీ తెలంగాణలో ఉంది కాబట్టి ఈ కథ మనకు బొత్తిగా పరాయిది కాదు.

నమలడాన్ని ఒక ఏర్పాటుగా చూసిన తొలి మనిషి అరిస్టాటిల్. కొమ్ములున్న పశువులకు పైదవడలో ముందుపళ్లు లేవని ఆయన గమనించాడు. అవే పశువులకు కడుపు నాలుగు గదులుగా ఉంటుందనీ గమనించాడు. ఈ రెంటినీ ముడిపెట్టి, నోరు సగంలో వదిలిన పనిని కడుపు పూర్తి చేస్తుందన్నాడు. కొమ్ములకు ఖర్చయిన పదార్థం వల్లే పళ్లకు కొరత వచ్చిందన్న ఆయన వివరణ నిలవలేదు. పళ్లు చూస్తే కడుపు తెలుస్తుందన్న ఆలోచన మాత్రం నిలిచింది.

ఆ ఆలోచన పెద్ద పరీక్షకు నిలిచింది అమెరికాలో. ఒహాయో నది లోయలో, ఉప్పు ఊటల బురదలో, ఏనుగంత జంతువు ఎముకలూ దంతాలూ దొరికాయి. దవడపళ్లు మాత్రం ఏనుగు పళ్లలా లేవు. వాటి మీద మొనదేలిన బొడిపెలు జంటజంటలుగా ఉన్నాయి. లండన్‌లో పేరున్న శరీరశాస్త్ర పండితుడు విలియం హంటర్ 1768లో ఆ పళ్లు పరిశీలించి, ఇది మాంసాహారి అని తీర్పు చెప్పాడు. అంత పెద్ద మృగం భూమి మీద లేకుండా పోయినందుకు దేవుడికి కృతజ్ఞతలు చెప్పుకోవాలన్న ధోరణిలో రాశాడు కూడా. అదే ఏడాది బెంజమిన్ ఫ్రాంక్లిన్ ఒక ఉత్తరంలో, మాంసం నమలడానికి ఎంత పనికొస్తాయో చెట్ల చిన్న కొమ్మలు నలగ్గొట్టడానికీ ఆ బొడిపెలు అంతే పనికొస్తాయి కదా అన్నాడు. వృత్తిరీత్యా శరీరశాస్త్రంతో సంబంధం లేనివాడి ఊహే నిజమైంది. ఆ జంతువుకు తర్వాత మాస్టొడాన్ అని పేరొచ్చింది. అది ఆకులూ రెమ్మలూ తినేది.

మాస్టొడాన్‌కు ఆ పేరు పెట్టిన జార్జ్ కువియే పళ్లు చదవడాన్ని ఒక క్రమమైన విద్యగా మార్చాడు. 1796లో పారిస్‌లో చదివిన పత్రంలో ఆసియా ఏనుగు, ఆఫ్రికా ఏనుగు రెండు వేర్వేరు జాతులని నిరూపించడానికి ఆయన ఆశ్రయించింది దవడపళ్లనే. మన ఏనుగు పన్ను పైభాగాన సన్నని ఎనామిల్ పట్టీలు అడ్డంగా, సమాంతరంగా పేర్చి ఉంటాయి. ఆఫ్రికా ఏనుగు పన్ను మీద అవే పట్టీలు వజ్రాకారపు గడులు కడతాయి. సైబీరియాలో దొరికిన మామత్ పళ్లు ఈ రెంటితోనూ కలవవు కాబట్టి అది అంతరించిన మూడో జంతువన్నాడు. ఒక జీవజాతి పూర్తిగా లేకుండా పోవచ్చునన్న మాటకు పళ్లే సాక్ష్యం చెప్పాయన్నమాట.

కొన్నేళ్లకు పారిస్‌లోని మోమార్త్ర్ జిప్సం గనుల నుంచి ఒక చిన్న అస్థిపంజరం రాతిలో సగం కూరుకుని వచ్చింది. పైకి కనిపిస్తున్న దవడనూ పళ్లనూ చూసి, ఇది ఒపోసమ్ జాతి సంచిజీవి అనీ, కటి భాగంలో సంచిని మోసే రెండు ఎముకలు దొరికి తీరుతాయనీ కువియే ముందే ప్రకటించాడు. సాక్షులను కూచోబెట్టుకుని సన్నని ఉక్కు సూదితో రాయి గీకుతూ పోయాడు. ఎముకలు బయటపడ్డాయి. ప్రదర్శన మీద మోజు ఉన్న మనిషే, కాని ఆనాటి ఫలితాన్ని కాదనలేం.

పన్ను జంతువును చెబుతుందని కువియే రుజువు చేశాడు గాని, పన్ను కాలంతో పాటు మారుతుందని ఆయన ఒప్పుకోలేదు. ఆ అడుగు వేసినవాడు రష్యన్ పండితుడు వ్లదీమిర్ కొవలెవ్‌స్కీ. గణితవేత్త సోఫియా కొవలెవ్‌స్కయా భర్తగానే ఎక్కువమందికి తెలిసిన పేరు ఇది. స్త్రీలకు ఉన్నత విద్య నిరాకరించిన రష్యా నుంచి ఆమె బయటపడేందుకు 1868లో నామమాత్రంగా జరిగిన పెళ్లి వాళ్లది. ఆయన చదివింది న్యాయశాస్త్రం, చేసింది పుస్తక ప్రచురణ. డార్విన్ గ్రంథాలను రష్యన్‌లో అచ్చువేసినవాడు. 1870ల మొదట్లో ఐరోపా మ్యూజియాలు తిరుగుతూ శిలాజాలు చదివాడు. శిలాజ పరిశోధకుడిగా ఆయన జీవితం నాలుగైదేళ్లకు మించదు. ఆ కాస్త కాలంలోనే ఫ్రెంచి, ఇంగ్లీషు, జర్మన్ భాషల్లో ఒక్కో పెద్ద గ్రంథం రాశాడు. జర్మన్ గ్రంథం డార్విన్‌కు అంకితం. 1883లో, ఆర్థికంగా చితికిపోయి, ప్రాణం తీసుకున్నాడు.

ఆయన 1873లో వివరించింది ఆంకిథీరియం అనే, కాలికి మూడేసి వేళ్లున్న, గుర్రం వంటి జంతువును. దాని దవడపళ్లు పొట్టివి. దాని తర్వాతి పొరల్లో దొరికే హిపారియన్ పళ్లు పొడుగువి. నేటి గుర్రానివి ఇంకా పొడుగు. కాళ్లలో వేళ్లు తగ్గిపోవడం, పన్ను పెరగడం ఈ రెండూ వేర్వేరు సంగతులు కావనీ, మెత్తని ఆకులు మేసే అడవి జీవితం నుంచి గట్టినేల మీద పరుగెత్తుతూ గడ్డి మేసే జీవితానికి జరిగిన మార్పుకు ఇవి రెండు ముఖాలనీ ఆయన వాదించాడు. ఎముకల జాబితాలు రాసే కాలంలో ఎముకల నుంచి మేతను, మేత నుంచి భూదృశ్యాన్ని ఊహించిన మనిషి ఆయన.

ఆ వాదంలోని బిగువు తెలియాలంటే గుర్రం నోట్లోకి చూడాలి. దవడకు ఒక్కో వైపు పైన ఆరు, కింద ఆరు నమిలే పళ్లు, మొత్తం ఇరవై నాలుగు. ఎడం లేకుండా ఆనుకుని ఉండటంతో ఆరూ కలిసి ఒకే పొడుగాటి పలకలా పనిచేస్తాయి. కింది దవడ పైదవడ కంటే ఇరుకు. అందుకని గుర్రం రెండు వైపులా ఒకేసారి నమలలేదు. కింది దవడ ఒక పక్కకు జరిగి, పైకి లేచి, పన్ను మీద పన్ను రాసుకుంటూ అడ్డంగా లోపలికి జారుతుంది. పని అంతా ఆ జారుడులోనే. పచ్చిక తినేటప్పుడు ఈ జారుడు వెడల్పుగా ఉంటుంది. దాణా పెడితే కురచబడుతుంది. అప్పుడు పైపళ్ల బయటి అంచు, కిందిపళ్ల లోపలి అంచు అరగకుండా కత్తుల్లా నిలిచి బుగ్గలను, నాలుకను కోస్తాయి. శాలల్లో కట్టేసి పెంచే గుర్రాల పళ్లకు ఆకురాయి పట్టించేది ఇందుకే.

పన్ను ఉపరితలం సంగతి మరీ విచిత్రం. గట్టి ఎనామిల్, దానికన్నా మెత్తని డెంటిన్, ఇంకా మెత్తని సిమెంటం మడతలు మడతలుగా ఒకదాని పక్కన ఒకటి నిలువునా పేరుకుని ఉంటాయి. మెత్తనివి ముందు అరిగి పల్లమవుతాయి. ఎనామిల్ గట్టులా మిగులుతుంది. తిరగలి రాయి నునుపు తేలితే కక్కు కొట్టించాలి. గుర్రం పంటికి ఆ అవసరం లేదు, అరుగుదలే దానికి కక్కు. ఈ పన్ను ఏడాదికి 2 నుంచి 3 మిల్లీమీటర్లు అరుగుతుంది. అరిగినంత మేరా దవడ లోపలినుంచి పైకి జరుగుతూ వస్తుంది. వయసులో ఉన్న గుర్రం దవడను కోసి చూస్తే బయటికి కనిపించే పన్ను కొద్దే. మిగతాదంతా ఎముకలో పాతిపెట్టిన నిల్వ. వరాహమిహిరుడి కాలపు వ్యాపారికి అవసరం లేకపోయిన ప్రశ్నకు జవాబు ఇదే. గుర్రం జీవితకాలపు అరుగుదలకు సరిపడా సరుకు దవడలో దాచిపెట్టుకుని ఉంటుంది. ఆ నిల్వ అయిపోతే గుర్రం ఆయుష్షూ దాదాపు అయిపోయినట్టే.

కొవలెవ్‌స్కీ ఊహించిన వంశక్రమంలో ఒక పెద్ద లోపం ఉంది. గుర్రం వంశం పెరిగింది ఐరోపాలో కాదు, ఉత్తర అమెరికాలో. ఆంకిథీరియం అక్కడినుంచి వలస వచ్చిన పక్క కొమ్మ. ఇంగ్లండ్ జీవశాస్త్రవేత్త థామస్ హక్స్‌లీ కూడా ఐరోపా క్రమాన్నే నమ్మి, 1876 ఆగస్టులో యేల్ విశ్వవిద్యాలయంలో ఓత్నియల్ మార్ష్ శిలాజాల సేకరణ చూసి మనసు మార్చుకున్నాడు. ఆ సెప్టెంబరులో న్యూయార్క్‌లో ఇచ్చిన ఉపన్యాసాలను అందుకు తగ్గట్టు తిరగరాసుకున్నాడు. ఆ ఏడాదే మార్ష్ తొలినాటి గుర్రానికి ఎయోహిప్పస్ అని పేరు పెట్టాడు. దానికి దగ్గరి జంతువునే 1841లో రిచర్డ్ ఓవెన్ లండన్ మట్టిలో దొరికిన పుర్రె ఆధారంగా వర్ణించాడు గాని, అది గుర్రం కావచ్చునన్న ఊహ ఆయనకు రాలేదు. అంత పొట్టి పళ్లను చూసి గుర్రమని ఎవరు మాత్రం అనుకుంటారు? ఈ కథలో కీర్తి హక్స్‌లీకీ మార్ష్‌కీ దక్కింది. వంశవృక్షం మార్ష్‌దే, సందేహం లేదు. ఆ వృక్షం ఎందుకు అలా పెరిగిందన్న ప్రశ్న మాత్రం కొవలెవ్‌స్కీది. ఆయనకు దక్కాల్సినంత పేరు దక్కలేదనే నా అభిప్రాయం.

ఇరవయ్యో శతాబ్దం మొదటి సగానికి ఈ వాదం పాఠ్యపుస్తకం ఎక్కింది. సుమారు 5 కోట్ల ఏళ్ల కిందటి పొట్టి పళ్ల గుర్రాలు ఆకులు తిన్నాయి. మయోసీన్ యుగంలో గడ్డిమైదానాలు వ్యాపించాయి. గడ్డిలో ఇసుక రేణువుల్లాంటి సిలికా ఉంటుంది. అది పళ్లను అరగదీసింది. పొడుగు పళ్లున్నవే మిగిలాయి. 1951లో జార్జ్ గేలార్డ్ సింప్సన్ గుర్రాల మీద రాసిన పుస్తకం ఈ కథను ఎంతో చక్కగా చెప్పింది. చక్కగా చెప్పిన కథను ఎవరూ ఊరికే అనుమానించరు.

అనుమానం వచ్చింది శిలాజశాస్త్రం నుంచి కాదు, గొర్రెల మందల నుంచి. ఆస్ట్రేలియా, న్యూజిలాండ్ దేశాల్లో గొర్రెల పళ్లు తొందరగా అరిగి, నడివయసులోనే పనికిరాకుండా పోతుంటే పెంపకందార్లకు అది నష్టం. ఎందుకని పరిశోధిస్తే 1959లో ఆస్ట్రేలియా శాస్త్రజ్ఞులు గడ్డిలోని సిలికా రేణువులు ఎనామిల్ కంటే గట్టివన్నారు. పాఠ్యపుస్తకానికి అది బలమైంది. 1965లో న్యూజిలాండ్ వాళ్లు ఇంకో మాట అన్నారు: గొర్రె పచ్చికతో పాటు మట్టినీ తింటోంది, అరుగుదలకు అసలు కారణం ఆ మట్టి. వేరు దగ్గరిదాకా మేసే జంతువు నోట్లోకి నేల కూడా పోతుందన్నది మేకల కాపరికి కొత్త సంగతి కాదు. శాస్త్రానికి మాత్రం అది ఒక పత్రంగా రావలసి వచ్చింది. 2007లో సాన్సన్, ఆయన సహచరులు కొలతలు మళ్లీ తీసి, గడ్డిలోని సిలికా గొర్రె ఎనామిల్ కంటే మెత్తనిదేనని చూపారు. గడ్డి ఒక్కటే ముద్దాయి అన్న వాదనకు అది పెద్ద దెబ్బ.

ఈ లోపు పళ్లు చదివే పద్ధతులూ మారాయి. 1978లో ఆలన్ వాకర్ బృందం ఎలక్ట్రాన్ సూక్ష్మదర్శినితో ఆఫ్రికాలోని సెరెంగెటిలో ఉండే హైరాక్స్ అనే చిన్న జంతువుల పళ్లు చూసింది. ఒకే రాతిగుట్టల మీద కలిసి బతికే రెండు జాతులవి. ఒకటి ఆకులు తింటుంది, దాని ఎనామిల్ నునుపుగా ఉంది. రెండోది వానాకాలంలో గడ్డి మేస్తుంది, ఆ రోజుల్లో దాని పళ్లనిండా సన్నని సమాంతర గీతలు. ఎండాకాలంలో అదీ ఆకులకు మళ్లితే గీతలు చెరిగిపోయాయి. పన్ను పొడుగు లక్షల ఏళ్ల చరిత్ర చెబితే, పంటి మీది గీత మొన్నటి మేతను చెబుతుంది. పంటిలోని కర్బన పరమాణువుల నిష్పత్తి చూసి గడ్డికీ ఆకుకూ తేడా చెప్పే పద్ధతీ అప్పటికి చేతికొచ్చింది. ఈ రెండు పద్ధతులూ కలిపి 1999లో మక్‌ఫాడెన్, సొలూనియాస్, సెర్లింగ్ ఫ్లోరిడాలో 50 లక్షల ఏళ్ల కిందట ఒకేచోట బతికిన ఆరు గుర్రపు జాతులను పరీక్షించారు. ఆరింటివీ పొడుగు పళ్లే. పాఠ్యపుస్తకం ప్రకారం ఆరూ గడ్డి మేయాలి. కాని అన్నీ మేయలేదు. కొన్ని ఎక్కువగా ఆకులే తిన్నాయి.

శిలాజ వృక్షాల పరిశోధకురాలు కరోలైన్ స్ట్రోంబెర్గ్ ఇంకో వైపునుంచి వచ్చింది. పళ్లను పక్కనపెట్టి, రాతిపొరల్లో మిగిలిన గడ్డి సిలికా రేణువులనే లెక్కించింది. అమెరికా నడిమి మైదానాల్లో గడ్డినేలలు పరుచుకున్నాక గుర్రాల పళ్లు పొడుగు కావడానికి కనీసం 40 లక్షల ఏళ్లు పట్టిందని 2006లో తేల్చింది. 2013లో ఆమె బృందం పటగోనియాలోని గ్రాన్ బర్రాంకా గుట్టల్లో అంతకన్నా ఇబ్బందికరమైన సంగతి చూసింది. అక్కడ గుర్రాలతో సంబంధం లేని దక్షిణ అమెరికా మేతజంతువులకు సుమారు 3 కోట్ల 80 లక్షల ఏళ్ల కిందటే పళ్లు పొడుగయ్యాయి. అప్పుడు అక్కడ గడ్డిమైదానమే లేదు, చెట్లున్నాయి, అగ్నిపర్వతాలున్నాయి. ఆకుల మీద రాలిన బూడిదే పళ్లను అరగదీసి ఉంటుందని వాళ్ల నిర్ణయం. ఒకచోట గడ్డి వచ్చాక ఎంతో కాలానికి గాని పన్ను పెరగలేదు, ఇంకోచోట గడ్డి రాకముందే పెరిగింది. పన్ను పొడుగు జంతువు ఏం తిన్నదో నేరుగా చెప్పదు. బతికినన్నాళ్లూ ఎంత అరుగుదల భరించిందో చెబుతుంది. గడ్డి, ఇసుక, బూడిద, మట్టి ఏదైనా ఆ అరుగుదలకు కారణం కావచ్చు. అలాగని దుమ్ముదే మొత్తం నేరమనీ అనలేం. 2016లో గొర్రెలకు దుమ్ము కలిపిన మేతా కలపని మేతా వేరువేరుగా పెట్టి చూసిన పరిశోధకులకు, పంటి మీది సూక్ష్మమైన గీతల్లో దుమ్ము కంటే మేత తేడాయే స్పష్టంగా కనిపించింది.

మన నేలకు సంబంధించిన సాక్ష్యం ఈ వాదానికి అనుకోని దిక్కునుంచి వచ్చింది. మహారాష్ట్రలో చంద్రపూర్ దగ్గర పిస్‌దూరాలో రాయిగా మారిన డైనోసార్ పేడ దొరుకుతుంది. లక్నోలోని బీర్బల్ సాహ్ని సంస్థకు చెందిన వందనా ప్రసాద్, స్ట్రోంబెర్గ్, అశోక్ సాహ్ని తదితరులు ఆ పేడను కరిగించి చూస్తే గడ్డి సిలికా రేణువులు కనిపించాయి. 2005లో ఆ సంగతి ప్రకటించారు. డైనోసార్ల కాలంలో గడ్డే లేదనుకునే రోజులవి. ఆ పేడ వేసినవి టైటనోసార్లనే భారీ డైనోసార్లని అనుకుంటున్నారు. వాటి పళ్లు సన్నని మేకుల్లాంటివి; కొరికి లాగడానికే తప్ప నమలడానికి పనికిరావు. గడ్డి, తాటిజాతి చెట్లు, శంకువృక్షాలు ఏది దొరికితే అది మింగేశాయి.

నమిలే జంతువు కోసం ఇంకాస్త దక్షిణానికి రావాలి. హైదరాబాద్‌కు పడమట, ఇప్పటి వికారాబాద్ జిల్లాలో, నస్కల్ దగ్గర దక్కన్ లావా పొరల నడుమ చెరువు అడుగు మట్టి గట్టిపడిన పలుచని పొర ఒకటుంది. ఒక లావా ప్రవాహానికీ మరో దానికీ మధ్య విరామంలో పేరుకున్న మట్టి అది. వయసు సుమారు 6 కోట్ల 60 లక్షల ఏళ్లు. ఆ రాతిని నానబెట్టి, సన్న జల్లెళ్లలో కడిగి, మిగిలిన నలుసులను సూక్ష్మదర్శిని కింద ఒక్కొక్కటిగా ఏరితే మిల్లీమీటర్ల పళ్లు బయటపడతాయి. గుంటుపల్లి వి.ఆర్. ప్రసాద్, అశోక్ సాహ్ని 1988లో ఇక్కడి పళ్ల ఆధారంగానే క్రెటేషియస్ యుగానికి చెందిన తొలి భారతీయ క్షీరదాన్ని ప్రకటించారు. దాని పేరు దక్కనొలెస్టిస్. పురుగులు తినే చిన్న ప్రాణి. 1997లో అదే చోటు నుంచి మరో రకం పన్ను వివరించారు. అది పొడుగు పన్ను. గొండ్వానాథీర్ అనే, ఇప్పుడు వారసులెవరూ లేని, క్షీరద వంశానిది. దాని చుట్టాలు మడగాస్కర్‌లోనూ పటగోనియాలోనూ ఉన్నాయి. పటగోనియా జంతువును మొదట వర్ణించినప్పుడు, పొడుగు పళ్లను చూసి దాన్ని స్లాత్‌ల, ఆర్మడిల్లోల వంశంలో చేర్చారు. పళ్లు ఎంత పెద్ద పండితులనైనా బోల్తా కొట్టిస్తాయనడానికి హంటర్ ఒక్కడే ఉదాహరణ కాడు. మన దేశపు గొండ్వానాథీర్‌కు 2007లో ఒకే ఏడాది రెండు బృందాలు రెండు పేర్లు పెట్టాయి: మధ్యప్రదేశ్‌లోని కిసల్‌పురి పళ్ల మీద ఒకటి, కర్ణాటకలోని గోకాక్ దగ్గరి పన్ను మీద ఒకటి. ముందు అచ్చయిన భారత్‌థీరియమే నిలిచింది.

గుర్రాల పళ్లు పొడుగవడానికి నాలుగైదు కోట్ల ఏళ్ల ముందే దక్కన్ చెరువు గట్ల మీద పొడుగు పళ్ల మేతజీవి ఒకటి తిరిగిందన్నమాట. పిస్‌దూరా గడ్డి బయటపడ్డాక, ఈ జంతువు గడ్డి మేసి ఉండవచ్చునన్న వాదన పైకొచ్చింది. నా మటుకు పటగోనియా బూడిదను మరిచిపోలేను. ఈ పళ్లు దొరికింది రెండు లావా ప్రవాహాల మధ్య పొరలో. భూమి చరిత్రలోని అతిపెద్ద అగ్నిపర్వత విస్ఫోటాలలో ఒకటి సాగుతున్న నేల మీద గడ్డి మేసినా, ఆకు తిన్నా, వేరు తవ్వినా, నోట్లోకి పోయే దుమ్ముకు మాత్రం కొదవ ఉండదు.